మెరుగు పెట్టడంలో మెలకువ

చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు ప్రదర్శనలో ఉన్నది. మన విద్యార్థులలో చాలామంది దానిని చూచియే ఉంటారు. ఆ కాలపు కార్లకు నూనె వార్నిషును కుంచెతో పొర మీద పొరగా పూసి, ఆరిన పిదప చేతితో నునుపు చేసేవారు. ఒక్కొక్క కారుకు వారాల కాలం పట్టేది. 1920లలో నైట్రోసెల్యులోజ్ లాకరు వచ్చి ఆ నిరీక్షణను చాలావరకు తప్పించింది. పద్ధతులు మారినా చేతి మెరుగు నశించలేదు. పాతబస్తీ గ్యారేజీలలో నేటికీ అదొక జీవనోపాధి.

ఆ పనిలో చేరిన నా పూర్వవిద్యార్థి ఒకడు ఆ మధ్య విచారవదనంతో కలిశాడు. నల్లకారు బానెట్‌పై సన్నగీతలు తీయమని ఉస్తాద్ అప్పగించగా ఉత్సాహంతో గంటసేపు రుద్దాడట. బానెట్ అంచున పై పూత అరిగిపోయి మచ్చ తేలింది. తిరిగి పెయింటు వేయించిన ఖర్చు అతని జీతంలో కోశారు. "సార్, గీతను తీస్తున్నాననుకున్నాను, పెయింటునే తీస్తున్నానని తెలియలేదు" అన్నాడు. ఈ వ్యాసానికి ఆ మాటే మూలం.

నేటి కారుపై రేకు మీద ప్రైమరు, దానిపై రంగు, అన్నిటికీ పైన పారదర్శకమైన పూత ఉంటాయి. ఈ చివరిది 1980ల నుండి వ్యాప్తిలోకి వచ్చింది. పొరలన్నీ కలిసి సుమారు 100 నుండి 150 మైక్రాన్లు. అందులో పారదర్శకపు పూత 40, 50 మైక్రాన్లు మాత్రమే. తలవెంట్రుక మందమే ఇంచుమించు 70 మైక్రాన్లని గుర్తుంచుకొంటే మన పెట్టుబడి ఎంత స్వల్పమో తెలుస్తుంది.

నునుపైన తలంపై పడిన కాంతి ఒకే దిశలో పరావర్తనం చెందుతుంది. గీత అంచుల వద్ద అది చెదరుతుంది గనుక గీత కనబడుతుంది. గీతను తీయడమంటే పూడ్చడం కాదు. చుట్టూ ఉన్న తలాన్ని గీత అడుగువరకు దించడం. రాగిపాత్రకు కళాయి వేస్తే పొర చేరుతుంది. కారుకు మెరుగు పెడితే పొర తరుగుతుంది. మైనపు పాలిష్ గీతను కొంత కప్పిపుచ్చుతుంది గాని, నాలుగుసార్లు కడిగేసరికి అది మళ్లీ బయటపడుతుంది.

కనుక ముందు పరీక్ష. కారును బాగుగా కడిగి, నీడలో రేకు చల్లబడిన తరువాత, గోటిని గీతకు అడ్డంగా నడపాలి. గోరు తట్టుకొంటే లోతైన గీత, చేతిపనితో తీయరాదు. తట్టుకోకపోతే మెత్తని గుడ్డపై కొద్దిగా రబ్బింగ్ కాంపౌండ్ తీసుకొని, రెండు అరచేతులంత మేర మాత్రమే, వేళ్ల కొనలతో గాక గుడ్డను చదునుగా పట్టి రుద్దాలి. వేళ్లతో నొక్కితే తలంపై పల్లాలు పడతాయి. తరచు తుడిచి, వెలుతురుకు ఏటవాలుగా చూడాలి. పారదర్శకపు పూత ఉన్న కారులో గుడ్డకు రంగు అంటిందంటే పూత దాటిపోయినట్లే, తక్షణం ఆపాలి. ఆ పూత లేని పాతకార్లలో రంగు అంటడం సహజమే.

కాంపౌండ్‌కు లొంగనిదానికి 2000 లేక 3000 నంబరు వాటర్ పేపర్‌ను సబ్బునీటిలో తడిపి, రబ్బరు దిమ్మకు చుట్టి తేలికగా వాడతారు. ఈ కాగితాన్ని ఉర్దూలో రేగ్‌మాల్ అంటారు: రేగ్ అంటే ఇసుక, మాల్ అంటే రుద్దేది. పేరే హెచ్చరిక! అంచుల వద్ద పూత పలుచన గనుక అక్కడ దీనిని తాకించరాదు.

ఇక ఈ గీతలు ఎక్కడివి? తెల్లవారగానే పొడిగుడ్డతో కారు దులపడం మనవారి అలవాటు. హైదరాబాదు నేల గ్రానైటు నేల. ఆ ధూళిలో క్వార్ట్జ్ రేణువులుంటాయి. మోస్ కొలమానంలో క్వార్ట్జ్ కాఠిన్యం 7. పొడిగుడ్డ కిందికి అది చేరితే ప్రతి ఉదయమూ రేగ్‌మాల్ పట్టినట్లే. నేలపై పడిన గుడ్డతోనూ ఇదే ప్రమాదం.

నా విద్యార్థి ఇప్పుడు గోటి పరీక్ష చేయనిదే గుడ్డ పట్టడు. మొన్న ఒక గిరాకీతో "ఇది రుద్దితే పోదు, పెయింటు వేయించుకోండి" అని చెప్పి పంపించాడట. ఉస్తాద్ పక్కనే నిలబడి విన్నాడట, ఏమీ అనలేదట.