ప్రతిరక్షకాలు: కవచమెప్పుడు, సాక్ష్యమెప్పుడు

బెంగళూరు వీధులను శుభ్రపరిచే పౌరకార్మికులలో తెలుగు మాతృభాషగా గలవారు అనేకులు. చెత్తను వేరుచేసేటప్పుడు, ఎవరో వాడి పారవేసిన సూది గుచ్చుకొనే ప్రమాదం వారికి నిత్యం ఉంటుంది. ఆసుపత్రి సిబ్బందికీ ఈ ముప్పు తప్పదు. సూదిలో మిగిలిన రక్తం ద్వారా ముఖ్యంగా హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, హెచ్.ఐ.వి. వైరస్‌లు సోకవచ్చు.

వైరస్ ప్రవేశించినప్పుడు దేహం దానిని గుర్తించి ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. పరీక్ష నివేదికలో వీటినే యాంటీబాడీలు అంటారు. అయితే 'యాంటీబాడీలు ఉన్నాయి' అన్న మాటకు అన్ని వ్యాధులలోనూ ఒకే అర్థం లేదు.

హెపటైటిస్-బి వైరస్ పైపొరకు వ్యతిరేకంగా పుట్టిన ప్రతిరక్షకాలు నిజమైన కవచం. టీకా ఆ పైపొరలోని ప్రోటీన్‌ను మాత్రమే దేహానికి ముందుగా పరిచయం చేస్తుంది. సాధారణంగా మొదటి మోతాదు తరువాత ఒక నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది ఇస్తారు. అనంతరం ఒకటి రెండు నెలలకు చేసే పరీక్షలో ప్రతిరక్షకాలు 10 యూనిట్లు, లేదా అంతకు మించి ఉంటే రక్షణ కలిగినట్లే. కాలక్రమాన ఆ సంఖ్య తగ్గినా, జ్ఞాపకశక్తి గల కణాలు వైరస్ ఎదురైనప్పుడు మేల్కొంటాయి. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయంగా తయారుచేసిన టీకాను విడుదల చేసిన పిమ్మట ఇది తక్కువ ధరకు లభించసాగింది.

హెపటైటిస్-సి, హెచ్.ఐ.వి.లకు టీకా లేదు. ఇవి రూపం మార్చుకొంటూ ప్రతిరక్షకాలను తప్పించుకొంటాయి. కనుక ఇక్కడ ప్రతిరక్షకాలు వైరస్ ప్రవేశించిందనడానికి సాక్ష్యమే గాని కవచం కావు. హెపటైటిస్-సి నయమైనవారికి అది మళ్ళీ సోకవచ్చు. ఈ వైరస్ తాకిడికి గురై కూడా వ్యాధి రాని కొందరు ఆరోగ్య సిబ్బందిలో, ప్రతిరక్షకాలు లేకున్నా, టి-కణాలనే రక్షక కణాలు స్పందించినట్లు పరిశోధకులు గమనించారు. అయినా ఆ స్పందనను నమ్ముకొని పరీక్ష మానరాదు.

ప్రతిరక్షకాలు కనిపించడానికి వారాలు పడుతుంది. గాయమైన నాటి పరీక్ష అంతకుముందున్న స్థితినే తెలుపుతుంది. కనుక వైద్యులు సూచించిన గడువులలో మరల పరీక్ష చేయించుకోవాలి.

సూది గుచ్చుకొన్న వెంటనే గాయాన్ని పిండకుండా, సబ్బుతో, పారే నీటితో కడగాలి. పర్యవేక్షకునికి తెలిపి ఆ పూటే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలి. హెచ్.ఐ.వి. నివారణ మందులు అవసరమని వైద్యులు నిర్ణయిస్తే వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకుండా ప్రారంభించి 28 రోజులు వాడాలి. హెపటైటిస్-బి టీకా వేయించుకోనివారికి టీకాతోపాటు, అవసరాన్ని బట్టి, సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాలనూ సూదిమందుగా ఇస్తారు. దీనిని 24 గంటలలోగా పొందడం మేలు. టీకా ఇంకా వేయించుకోనివారు గాయమయ్యేదాకా వేచియుండరాదు.