108 వచ్చేలోపు
ప్రశ్నలు – జవాబులు

సాలూరు లారీల ఊరు. ఇక్కడ బయలుదేరిన బండి పాచిపెంట దాటి, పి.కోనవలస దగ్గర ఘాట్ ఎక్కి, సుంకి మీదుగా ఒడిశాలో అడుగుపెట్టి, రాయపూర్ దాకా పోతుంది. ఊరిని ఆనుకుని కొండలు. ఆ కొండల మీద బండి దారి లేని గూడేలు. ఇలాంటి చోట దెబ్బ తగిలినా, పురుగు ముట్టినా, నొప్పులు మొదలైనా అంబులెన్సు గుమ్మంలోకి రావడానికి చాలాసేపు పడుతుంది. అంతసేపూ రోగి దగ్గర ఉండేది పక్కింటివాళ్లో, క్లీనరో, డోలీ మోసే కుర్రాళ్లో. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ వాళ్ల ప్రశ్నలే.

ప్రశ్న: పదేళ్లుగా రాయపూర్ లైనులో లారీ తోలుతున్నాను. ఘాట్‌లో బండి బోల్తా పడి మనుషులు మూలుగుతుంటే ఆగాలనే ఉంటుంది. ఆగితే కేసు మన మెడకే చుట్టుకుంటుందని తోటి డ్రైవర్లు భయపెడుతున్నారు. అది నిజమేనా? ఆగితే ముందు ఏం చెయ్యాలి?
– లారీ డ్రైవరు, సాలూరు

జవాబు: ఆ భయానికి ఒకప్పుడు కారణం ఉండేది. ఇప్పుడు చట్టం సాయం చేసేవాడి పక్షాన ఉంది. క్షతగాత్రులను ఆదుకున్నవారిని వేధించకూడదన్న మార్గదర్శకాలకు సుప్రీంకోర్టు 2016 మార్చి 30న చట్టబద్ధమైన బలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి 134ఎ సెక్షన్ చేరింది. దాని ప్రకారం మంచి మనసుతో సాయం చేసినవారిపై, బాధితుడు తర్వాత చనిపోయినా సరే, సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ ఉండదు. 2020 సెప్టెంబరులో వచ్చిన నిబంధనల ప్రకారం పేరు, ఊరు చెప్పాలని పోలీసులు గానీ ఆసుపత్రివాళ్లు గానీ బలవంతం చెయ్యకూడదు. సాక్ష్యం చెప్పాలా వద్దా అన్నది సాయం చేసినవాడి ఇష్టం.

ఇది దారిన పోయేవాడి సంగతి. ప్రమాదంలో తన బండే ఉన్న డ్రైవరుకు 134వ సెక్షన్ వేరుగా ఉంది. గాయపడినవారికి వైద్యం అందేలా చూడటం అతని బాధ్యత. జనం మీద పడి కొట్టే పరిస్థితి ఉంటే మాత్రం మినహాయింపు ఉందని ఆ సెక్షనే చెబుతోంది. అలాంటప్పుడు దగ్గర్లోని పోలీసు స్టేషనుకు వెళ్లి విషయం చెప్పాలి.

ఇక ఆగాక చెయ్యాల్సిన పని. ఘాట్‌లో మొదటి ప్రమాదం కంటే, మలుపు తిరిగి వచ్చే రెండో బండి ఎక్కువమందిని చంపగలదు. అందుకని ముందు సొంత బండిని అంచుకు పెట్టి, ఇండికేటర్లు వెలిగించి, చక్రాలకు రాళ్లు వెయ్యాలి. ఎర్రగుడ్డో టార్చిలైటో ఇచ్చి క్లీనరును మలుపు అవతలికి పంపాలి. తర్వాత 108కి ఫోను. సరిహద్దులో ఆ ఫోను అవతలి రాష్ట్రం కాల్ సెంటరుకు తగలవచ్చు. కాబట్టి రాష్ట్రం పేరు, రోడ్డు పక్క కిలోమీటరు రాయి మీది అంకె, బండి ఏ వైపు పడింది, ఎంతమందికి దెబ్బలు తగిలాయి అన్నవి మొదటే చెప్పాలి.

రక్తం ధారగా పోతుంటే అన్నిటికంటే ముందు దాన్ని ఆపాలి. భుజం మీది తువ్వాలును మడిచి గాయం మీద పెట్టి, రెండు చేతులతో గట్టిగా అదిమి ఉంచాలి. ఆగిందా లేదా అని మాటిమాటికీ తీసి చూడకూడదు. తడిస్తే మీద ఇంకో గుడ్డ వేసి అదమాలి. ఒంట్లో దిగిన ఇనుప ముక్కను లాగకూడదు, అది కదలకుండా చుట్టూ గుడ్డ పేర్చాలి. మంటలు లేస్తేనో, బండి లోయలోకి జారేలా ఉంటేనో తప్ప క్యాబినులో ఇరుక్కున్నవాణ్ని బయటికి ఈడ్వకూడదు. మెడ ఎముక విరిగి ఉంటే ఆ ఈడ్పుతో కాళ్లూ చేతులూ పడిపోవచ్చు. స్పృహ లేకుండా ఊపిరి మాత్రం ఆడుతుంటే తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా ఇద్దరు ముగ్గురు కలిసి పక్కకు తిప్పాలి. అప్పుడు వాంతి గొంతుకు అడ్డం పడదు. నోట్లో సోడా, టీ, మంచినీళ్లు ఏవీ పొయ్యకూడదు.

ఖర్చు గురించి కూడా డ్రైవర్లు తెలుసుకోవాలి. 2025 మే నెల నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు నమోదైన ఆసుపత్రుల్లో ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు కట్టకుండా వైద్యం చేసే కేంద్ర పథకం అమల్లో ఉంది. తీవ్రంగా గాయపడినవారిని గంటలోపు ఆసుపత్రికి చేర్చినవారికి ‘రాహ్‌వీర్’ పేరుతో 25,000 రూపాయల బహుమతి కూడా ఉంది.

ప్రశ్న: మా గూడేనికి రోడ్డు లేదు. ఎవరికి బాగోకపోయినా మేం నలుగురమే డోలీ కట్టి దించుతాం. మొన్న చెట్టు మీంచి పడ్డ మావయ్యను మోసుకొచ్చాం. దారిలో ఆయన ఒకటే కేకలు. మేం మోసిన తీరులో తప్పుందా? కడుపుతో ఉన్న ఆడమనిషిని ఎలా మొయ్యాలి?
– డోలీ మోసే యువకులు, సాలూరు మండలం

జవాబు: దారి లేకపోవడం ఆ నలుగురి తప్పు కాదు. 2020లో ఈ మండలంలోని కొదమ పంచాయతీ గిరిజనులు తమ సొంత డబ్బుతో, తమ చేతులతోనే కొండ మీద రోడ్డు వేసుకున్నారు. రోడ్డు పడేవరకూ డోలీ తప్పదు. తప్పనప్పుడు దాన్ని రోగిని బట్టి కట్టాలి.

కర్రకు దుప్పటి కట్టిన డోలీలో మనిషి విల్లులా వంగుతాడు. జ్వరమో విరేచనాలో అయితే పరవాలేదు. చెట్టు మీంచి పడి నడుమో మెడో దెబ్బ తిన్నవాడికి ఆ వంపే ముప్పు. అతన్ని తలుపు చెక్క మీదో, గట్టి వెదురు తడక మీదో వెల్లకిలా పడుకోబెట్టాలి. తలకు రెండు పక్కలా చుట్టిన గుడ్డలు పెట్టి, నుదురు, ఛాతీ, తొడలు చెక్కకు కలిపి కట్టాలి. ఒకరు తలను రెండు చేతులా పట్టుకుని ఉండగా మిగతావాళ్లు ఒకే మాట మీద ఎత్తాలి. కాలు విరిగితే ఉన్న తీరులోనే కర్ర ఆనించి, విరిగిన చోటికి పైనా కిందా కట్టాలి. సాపు చెయ్యాలని లాగకూడదు.

గర్భిణిని ఎడమ పక్కకు ఒత్తిగిలి ఉండేలా పడుకోబెడితే బిడ్డకు రక్తం బాగా అందుతుంది. మొయ్యడం కంటే మేలైన పని ఇంకొకటి ఉంది. కాన్పుకు ముందే కొండ దిగి వచ్చి ఉండటానికి 2018లో పార్వతీపురం సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) సాలూరులోనే గర్భిణుల వసతి గృహం తెరిచింది. నెలలు నిండే వేళకు అలాంటి చోటికి చేర్చే ఏర్పాటును ఆశా కార్యకర్తతో ముందే మాట్లాడుకోవాలి. బైకు అంబులెన్సు వచ్చే దారి ఎక్కడిదాకా ఉందో కూడా అప్పుడే కనుక్కోవాలి.

అయినా దారిలోనే కాన్పు కావచ్చు. 2018 సెప్టెంబరులో అప్పటి విజయనగరం జిల్లా మన్యంలో ఒక తల్లి అడవి బాటలోనే ప్రసవించింది. వెంట ఉన్నవాళ్లు తీసిన వీడియోను దేశమంతా చూసింది. బిడ్డ తల కనబడితే ఇక నడవకూడదు. డోలీ దించి, ఆడవాళ్లు చుట్టూ చీర అడ్డం పట్టాలి. పొట్ట నొక్కకూడదు, బిడ్డను లాగకూడదు. పుట్టిన బిడ్డను వెంటనే పొడిగుడ్డతో తుడిచి, తల్లి రొమ్ము మీద ఒంటికి ఒళ్లు ఆనేలా పెట్టి, ఇద్దరినీ కలిపి కప్పాలి. బిడ్డ ఏడవకపోతే వీపు రుద్దాలి. శుభ్రమైన కొత్త బ్లేడు, దారం లేకపోతే బొడ్డుతాడు కొయ్యకుండానే తీసుకురావచ్చు. దానివల్ల బిడ్డకు హాని లేదు. మాయ తనంత తనే పడాలి. పడ్డాక బొడ్డు కింద పొట్టను అరచేత్తో గుండ్రంగా రుద్దుతుంటే గర్భసంచి గట్టిపడి రక్తస్రావం తగ్గుతుంది.

ప్రశ్న: జీడితోటలో పని. పాము కరిస్తే కాలికి తాడు బిగించి, బ్లేడుతో గాటు పెట్టి, పసరు తాగిస్తారు మావాళ్లు. ఆసుపత్రిలో మాత్రం తాడు కట్టొద్దని కోప్పడతారు. ఏది నమ్మాలి?
– రైతు కూలీ, మక్కువ

జవాబు: ఆసుపత్రి మాటే నమ్మాలి. తాడు బిగిస్తే రక్తం ఆడక కాలు కుళ్లుతుంది. ఒక్కసారిగా విప్పితే విషం ఒక్కుమ్మడిగా ఒంట్లోకి పోతుంది. రక్తపింజరి విషానికి రక్తం గడ్డకట్టే గుణం పోతుంది, అలాంటివాడికి గాటు పెడితే ఆ గాటు నుంచి కారే రక్తం ఆగదు. నోటితో పీల్చడం వల్ల లాభం లేదు.

కరిచిన కాలిని విరిగిన కాలిలాగే కర్ర కట్టి కదలనివ్వకూడదు. ఉంగరాలు, మట్టెలు, మొలతాడు తీసెయ్యాలి. నడిపించకుండా మోసుకెళ్లాలి. కాటు పడిన వేళ గుర్తుపెట్టుకోవాలి. పామును పట్టుకోవడానికో చంపడానికో పోయి ఇంకో కాటు తినకూడదు. మన దగ్గర దొరికే విరుగుడు ఇంజెక్షను నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ కలిపి తయారైనదే.

కట్లపాము సంగతి వేరుగా చెప్పుకోవాలి. అది రాత్రివేళ నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు కూడా సరిగా కనబడదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనబడితే దాన్ని గాలి సోకిందనో తాగాడనో అనుకోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది చనిపోయారని పరిశోధకులు లెక్కకట్టారు. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. మంచం మీద పడుకుని, దోమతెరను పరుపు కిందికి దోపుకోవడం, రాత్రి టార్చిలైటు లేకుండా బయటికి పోకపోవడం ఖర్చు తక్కువ రక్షణలు.

ప్రశ్న: మావాడు బీఎస్సీ పూర్తిచేశాడు. 108లో ఈఎంటీగా చేరతానంటున్నాడు. రాత్రీపగలూ రక్తం చూసే ఉద్యోగం, వాడు తట్టుకోగలడా అని నా బెంగ. ఆ పని ఎలా ఉంటుంది?
– ఒక తల్లి, రామభద్రపురం

జవాబు: 108 సేవ 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలై తర్వాత దేశంలోని అనేక రాష్ట్రాలకు పాకింది. ఒక్కో బండిలో ఇద్దరే ఉంటారు. బండి నడిపే పైలట్, రోగిని చూసే ఈఎంటీ. ఊపిరి, నాడి, బీపీ చూడటం, ఆక్సిజన్ పెట్టడం, సెలైన్ ఎక్కించడం, కట్లు కట్టడం, అవసరమైతే బండిలోనే కాన్పు చెయ్యడం ఈఎంటీ పని. సందేహం వస్తే కాల్ సెంటరులోని డాక్టరును ఫోనులో అడిగి మందు ఇస్తాడు. పైలట్ కూడా ప్రథమ చికిత్స నేర్చుకున్నవాడే. స్ట్రెచరుకు రెండో చెయ్యి అతనిదే.

ఆ తల్లి బెంగ అర్థం లేనిది కాదు. 12 గంటల డ్యూటీలను 8 గంటలకు మార్చాలని 108 ఉద్యోగుల సంఘాలు ఎన్నోసార్లు అడిగాయి. అన్నం ముందు కూర్చున్నప్పుడే కాల్ వస్తుంది. స్ట్రెచర్లు ఎత్తీ ఎత్తీ నడుములు పట్టేస్తాయి. ఆలస్యమైందని జనం బండి మీద పడతారు, ఆ ఆలస్యం దారిదే అయినా తిట్లు తినేది ఆ ఇద్దరే. సాలూరు నుంచి విజయనగరం సుమారు 60 కిలోమీటర్లు. విశాఖలోని కేజీహెచ్ ఆసుపత్రికి రాస్తే వెళ్లిరావడానికి సగం రోజు పడుతుంది.

రక్తం చూడటం కొన్నాళ్లకు అలవాటవుతుంది. అలవాటు కానిది పసిపిల్ల చెయ్యి చల్లబడటం, తెలిసినవాళ్ల ముఖం స్ట్రెచరు మీద కనబడటం. 2017 జనవరి 21 రాత్రి కొమరాడ మండలం కూనేరు దగ్గర హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి దాదాపు 40 మంది చనిపోయారు. అలాంటి రాత్రి పనిచేసినవాళ్లకు ఆ బోగీలు కలలోకి రావడం బలహీనత కాదు. నిద్ర పట్టకపోవడం, ఊరికే కోపం రావడం, తిండి మీద ధ్యాస పోవడం వారాల తరబడి ఉంటే మానసిక వైద్యుణ్ని కలవాలి. 14416 నంబరుకు ఫోను చేస్తే ‘టెలీ మానస్’ సలహాదారులు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

ఆ అబ్బాయి ఉద్యోగంలో చేరేముందు పనిచేస్తున్న ఈఎంటీలను కలిసి ఒక పూట మాట్లాడటం మంచిది. చేరితే, డ్యూటీ దిగి వచ్చినప్పుడు ‘ఈరోజు ఎవరైనా పోయారా’ అని ఇంట్లోవాళ్లు అడగకుండా, స్నానానికి నీళ్లు పెట్టి, వేళ కాని వేళ అయినా వేడన్నం పెట్టాలి. చెప్పాలనిపిస్తే వాడే చెబుతాడు, అప్పుడు వినాలి.

ప్రశ్న: మా గుంటడికి మూర్ఛ వస్తుంది. ఇరుగుపొరుగు చేతిలో తాళాలగుత్తి పెడతారు. పెట్టొచ్చా?
– గృహిణి, బొబ్బిలి

జవాబు: తాళాలు మూర్ఛను ఆపవు. ఫిట్స్ చాలావరకు ఒకటి రెండు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి, అందుకే తాళాలు పనిచేసినట్టు కనబడుతుంది. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు జరిపి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టి, పక్కకు తిప్పాలి. కాళ్లూచేతులూ అదిమి పట్టకూడదు, నోట్లో చెంచా దూర్చకూడదు. గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటినా, ఆగి మళ్లీ వచ్చినా 108కి ఫోను చెయ్యాలి.

ప్రశ్న: ఆశ్రమ పాఠశాలలో పిల్లలకు సీపీఆర్ నేర్పాలని ఉంది. బొమ్మ లేదు, డబ్బు లేదు. తప్పుగా నొక్కితే పక్కటెముకలు విరుగుతాయని కూడా భయం. ఎలా మొదలుపెట్టాలి?
– ఉపాధ్యాయుడు, పాచిపెంట

జవాబు: ఎముక విరిగితే అతుకుతుంది. గుండె ఆగినవాడికి ఎవరూ ఛాతీ నొక్కకపోతే నిమిషాల్లో మెదడు చచ్చిపోతుంది. కాబట్టి పిలిస్తే పలక్కుండా, ఊపిరి ఆడకుండా, లేదా ఎగశ్వాసలా అప్పుడొకటి అప్పుడొకటి తీస్తూ ఉంటే నొక్కడమే సరైన పని. ఛాతీ నడిమధ్య అరచేతి మడమ, దాని మీద రెండో చెయ్యి, మోచేతులు వంచకుండా అయిదారు సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీ మళ్లీ పైకి లేవనివ్వాలి. రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలి. శిక్షణ లేనివాడు నోటితో ఊపిరి ఊదకపోయినా, నొక్కడం ఆపకుంటే చాలు. వేగావతి నదిలోనో బావిలోనో మునిగినవారికి మాత్రం ఊపిరి ఊదడమూ అవసరమే. నీళ్లు కక్కించాలని పొట్ట నొక్కడం, తలకిందులుగా తిప్పడం చెయ్యకూడదు.

సర్టిఫికెట్ ఇచ్చే శిక్షణ రెడ్‌క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ సంస్థలు ఇస్తాయి. ఉపాధ్యాయుడు ముందు తాను అక్కడ నేర్చుకుని వస్తే పిల్లలకు తప్పులు అంటవు. చేతులు ఆడించడానికి బొమ్మే అక్కర్లేదు. గోనెసంచిలో పాతబట్టలు గట్టిగా కుక్కి నేల మీద పెడితే నొక్కడం అలవాటవుతుంది. బతికి ఉన్న పిల్లవాడి ఛాతీ మీద మాత్రం ఎన్నడూ సాధన చేయించకూడదు. లయ తప్పకుండా ఉండటానికి ఒక పిల్ల డప్పు మీద సెకనుకు రెండు దెబ్బలకు కాస్త తక్కువగా కొడితే సరి. పదేళ్ల పిల్లలకు అంత లోతు నొక్కే బలం చాలదు. వాళ్లకు పలకరించి చూడటం, 108కి ఊరి గుర్తులు చెప్పడం, పెద్దవాళ్లను పిలవడం నేర్పితే చాలు. కువి, ఒరియా మాట్లాడే పిల్లలుంటే ఈ జాగ్రత్తలను వాళ్ల భాషలోనే గోడ మీద రాయించి, సెలవులకు ఇంటికెళ్లినప్పుడు అమ్మానాన్నలకు నేర్పి రమ్మనవచ్చు. కొండ దిగువన బండి ఎక్కడిదాకా వస్తుందో, ఆ చోటు పేరేమిటో ఆ గోడ మీదే మొదటి వరుసలో రాయాలి.