మరమ్మత్తు పేరిట కాలహరణము – గృహస్థులు నేర్వవలసిన పాఠము

యంత్రమన్న తరువాత చెడిపోవుట సహజము. ఎంత పేరుగల కర్మాగారమున తయారైన కారైనను ఏదో ఒకనాడు మొరాయింపవచ్చును. అందులకు ఎవరిని నిందింప బనిలేదు. కాని బాగుచేయుదుమని బండిని పుచ్చుకొన్న డీలరు, బాగుచేయకయే "సరిపోయినది, తీసికొని పొండు" అని పలుమారులు త్రిప్పి పంపుట సహజము కాదు. అట్టి సందర్భమున గృహస్థుడు ఏమి చేయవలయునో, మన బిడ్డల చదువు అందులకు ఎట్లు తోడ్పడునో ఈ వ్యాసమున వివరించుచున్నాను.

ఒక ఉదాహరణము చూతము. మన హోసూరు ప్రాంతమున సొంత కారును బాడుగకు నడపి సంసారము సాగించుకొను తెలుగువారు కొందరు కలరు. వారిలో మన పాఠశాలలో బిడ్డను చదివించుకొనుచున్న ఒకరి పెట్రోలు కారు, బయలుదేరిన ముప్పావు గంటకు నడిరోడ్డున ఆగిపోవసాగెను. అరగంట నిలిపి ఉంచినచో మరల కదలును. మొదటిసారి సర్వీసు సెంటరువారు బ్యాటరీ లోపమని చెప్పి, క్రొత్తదానికి సొమ్ము తీసికొనిరి. రెండవసారి పెట్రోలు పంపు మార్చిరి. మూడవసారియు, నాలుగవసారియు "పరీక్షించితిమి, లోపమేమియు లేదు" అని వ్రాసి పంపిరి. వెళ్ళినప్పుడెల్ల రెండు దినముల బాడుగ పోయినది. అంతకు మించి, బెంగుళూరు రహదారిపై ముందు వెనుకల లారీలు పోవుచుండగా ప్రయాణికులతో బండి ఆగిపోవుట ప్రాణాపాయము. ఆయన కేకలు వేసెను. వారు టీ ఇప్పించి, వచ్చే వారము రమ్మనిరి.

ఇందలి కిటుకును గ్రహింపవలయును. ఇంజనులోని క్రాంక్‌షాఫ్టు తిరుగు తీరును కంప్యూటరుకు తెలియజేయు చిన్న సెన్సారు ఒకటి ఉండును. అది పాడైనచో, ఇంజను బాగుగా వేడెక్కిన పిదప సంకేతము నిలిచిపోవుట కలదు. సంకేతము లేనిచో కంప్యూటరు పెట్రోలును, నిప్పురవ్వను ఆపివేయును. చల్లారిన పిదప సంకేతము తిరిగి వచ్చును, బండి కదలును. రాత్రంతయు షెడ్డులో చల్లబడిన బండిని ఉదయమున పది నిమిషములు నడిపి చూచినవారికి ఈ లోపము కనబడునా? రోగము కనిపెట్టకయే మందులు మార్చిన వైద్యము వంటిదే వారు చేసిన మరమ్మత్తు.

పిమ్మట తొమ్మిదవ తరగతి చదువుచున్న ఆయన కుమార్తె నోటుపుస్తకమున ఒక పట్టిక గీసెను. బండి ఆగిన తేదీ, మీటరుపై కిలోమీటర్లు, బయలుదేరిన ఎన్ని నిమిషములకు ఆగినది, ఏసీ వేసి ఉండెనా, మరల ఎంతసేపటికి కదలినది అను వివరములను ఆరుసార్లు వ్రాసెను. ఆరింటను బండి ఆగినది 40 నిమిషములు దాటిన పిదపనే. ఆ పట్టిక నకలును జతపరచి, ఒక మెకానిక్కు తనతో కూర్చుండి గంటసేపు ప్రయాణింపవలెనని ఆయన మేనేజరుకు జాబు వ్రాసెను. మెకానిక్కు ఎదుటనే బండి ఆగెను. అక్కడికక్కడే పరీక్షింపగా సెన్సారు లోపము బయటపడినది. వారంటీ క్రింద దానిని మార్చిరి. అనవసరముగా మార్చిన బ్యాటరీ సొమ్ము మాత్రము ఇంకను తిరిగి రాలేదు. అందులకై రెండవ జాబు వెళ్ళినది.

దీనినుండి మనము నేర్వదగినవి:

1. జాబ్ కార్డుపై చదువక సంతకము చేయరాదు. అది ఇంగ్లీషులో ఉండును. అక్కడివారు తమిళమున మాటలాడుదురు. మనవారు తల ఊపి సంతకము చేయుదురు. "వేడెక్కిన పిదప ఆగుచున్నది" అని మనము చెప్పినను, కార్డుపై "సాధారణ తనిఖీ" అని ఉన్నచో మన మాటకు సాక్ష్యము లేదు. చెప్పినది చెప్పినట్లు వ్రాయించి, చదివించుకొని, నకలు తీసికొనవలయును.

2. బండిని తిరిగి తీసికొనునప్పుడు, కనుగొన్న లోపమేమి, మార్చిన భాగమేది, ఎందులకు మార్చిరి అను మూడు ప్రశ్నలకు వ్రాతపూర్వకమగు సమాధానము కోరవలయును.

3. అదే లోపము రెండవసారి వచ్చినచో, తేదీల వారీగా జాబు వ్రాసి డీలరుకును, కారు తయారుచేసిన కంపెనీకిని పంపవలయును. అందు దూషణ తగదు. వారంటీ గడువు దాటకమునుపే పంపుట ముఖ్యము.

అప్పటికిని న్యాయము జరుగనిచో చట్టము కలదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలైనుండి అమలులోనికి వచ్చినది. 1915 అను నంబరుకు ఫోనుచేసి మొదట ఫిర్యాదు నమోదు చేసికొనవచ్చును. చెల్లించిన వెల 50 లక్షల రూపాయలకు మించనిచో జిల్లా కమిషను విచారించును. 5 లక్షల వరకు రుసుము లేదు. 5 మొదలు 10 లక్షల వరకు 200 రూపాయలు మాత్రమే. డీలరు ఏ ఊరివాడైనను, మనము నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. వకీలు లేకయే స్వయముగా వాదించుకొనవచ్చును. వివాదకారణము కలిగిన నాటినుండి రెండేండ్ల లోపల దాఖలు చేయవలయును. కేవలము జీవనోపాధికై స్వయముగా కారు నడుపుకొనువారికిని ఈ రక్షణ కలదు. అయితే చిన్న లోపమునకు క్రొత్త కారునే ఇమ్మనుట నిలువకపోవచ్చును. చెడిన భాగమును మార్చుటయే వారంటీ నిబంధన అయినప్పుడు కారునే మార్చుమనుట చెల్లదని 2006లో సుప్రీం కోర్టు ఒక కేసున తీర్పు చెప్పినది. కావున కోరిక న్యాయముగా ఉండవలయును.

భాషను గూర్చి ఒక్క మాట. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు ఆధారమైన రాజ్యాంగమందలి 350ఏ అధికరణము 1956లో చేరినదని మనవారిలో పలువురు ఎరుగుదురు. దానికి ముందున్న 350వ అధికరణమును తలచువారు తక్కువ. కష్టనివారణకై కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాధికారులకు ఆయా చోట్ల వాడుకలోనున్న ఏ భాషలోనైనను విన్నపము చేసికొను హక్కును అది ప్రతివానికి ఇచ్చుచున్నది. డీలరుకు మాత్రము ఆ నియమము వర్తింపదు. అతనికి తమిళముననో, ఇంగ్లీషుననో వ్రాయక తప్పదు. అందుచేత మన బిడ్డలు తెలుగున విషయమును క్రమముగా ఆలోచించి వ్రాయను, దానిని తమిళమునను, ఇంగ్లీషునను చెప్పను నేర్వవలయును. ఒక భాష నేర్చుట మరియొక దానికి అడ్డు కాదు.

కావున తల్లిదండ్రులకు నా మనవి. ఇంటిలోని బిల్లులను, వారంటీ కాగితములను, జాబ్ కార్డులను ఒక ఫైలున భద్రపరచుడు. ఆ ఫైలును ఇంటిలో పై తరగతి చదువుచున్న బిడ్డకు అప్పగింపుడు. ఫ్యాను గాని, మిక్సీ గాని చెడినప్పుడు కంపెనీకి వ్రాయవలసిన మొదటి జాబును ఆ బిడ్డచేతనే వ్రాయింపుడు. తప్పులున్నచో పాఠశాలకు తెచ్చినయెడల ఉపాధ్యాయులు సవరించి ఇత్తురు.