శ్రావణమాసపు వ్యవసాయ సలహాలు: వంగలో చుక్కల పెంకుపురుగు

ఈ శ్రావణమున నాలుగు దినములు ముసురు, పిదప పది దినములు ఉక్క, మరల జల్లు, ఇట్లు సాగుచుండగా మదీనాగూడ మేడలపై కుండీలయందును, పటాన్‌చెరువు, శంకరపల్లి వైపు మిగిలిన కూరగాయల మళ్లయందును వంగ ఆకు జల్లెడయై కనబడుచున్నది. ఆకు తెచ్చి చూపువారిలో పలువురు అప్పటికే మందు కొట్టియున్నారు. దేనిపై కొట్టితిరని యడిగిన “చుక్కల పురుగుపై” నందురు. ఏ చుక్కల పురుగో చూడకుండ కొట్టుటయే నా బాధ.

అక్షింతల పురుగను పేరు మనవారు రెండింటికిని వాడుదురు. పంటను మేయునది ఇటుకవన్నెలో, నిగనిగ లేక, సన్నని నూగుతో కూడి, వీపున 28 చుక్కలు గలది. పేనుబంకను తిని మేలొనర్చునది అద్దమువలె నున్నగా మెరయును. వీపున 7 చుక్కలో, వంకర నల్లచారలో యుండును. లెక్కించు నోపిక లేనివారు పిల్లపురుగును చూడుడు: శత్రువు పిల్ల పసుపుపచ్చగా, ఒడలెల్ల చీలికల ముండ్లతో, ఆకు అడుగున నిలిచి, ఈనెలు మాత్రము మిగులునట్లు పచ్చదనమును గీకుచుండును, మిత్రుని పిల్ల నల్లగా, నారింజమచ్చలతో, చిన్న మొసలివలె పరుగులిడును. దీనినే ముందుగా చంపుచున్నారు! పసుపు గ్రుడ్లను గుంపుగా రెండును పెట్టును గనుక, చుట్టును గీకిన ఆకున్నదో, పేనుబంక యున్నదో చూచిన పిమ్మటనే నలుపుడు.

కుండీలవారు ఉదయముననే ఏరి సబ్బునీటిలో వేసిన చాలును. మళ్లలో 5 శాతము వేపగింజల కషాయమును ఆకు అడుగు తడియునట్లు కొట్టవలెను. గోధుమవన్నెకు తిరిగి బిగిసిపోయిన పిల్లలను మాత్రము ముట్టకుడు. వాటిలో పీడియోబియస్ అను పరాన్నభుక్కు పెరుగుచుండును. చిక్కుడు పెంకుపురుగు నణచుటకు అమెరికావారు దీనిని మన దేశమునుండియే కొనిపోయిరి. ఇక్కడ మనము దానిపై విషము చల్లుచున్నాము.

రెండు మూడు మందులు కలిపి, పైన టానిక్కని మరియొక సీసా అంటగట్టు దుకాణదారుల మాట వినవలదని ఎన్నిమారులు చెప్పవలెను? ఆ మిశ్రమముతో మిత్రపురుగులు చచ్చి, పేనుబంక, నల్లి విజృంభించి, మరల ఆ దుకాణమునకే పోవలసివచ్చును. రెండు మూడు దినములకొకమారు కాయ కోయు పంటపై ఏ మందు కొట్టినను, ఎన్ని దినములు కోత ఆపవలెనో సీసాపై చదువుడు. బిల్లు లేనిదే కొనకుడు.

ఇక తక్కిన పైరుల మాట: గుమ్మడి, సొర మొలకలపై నారింజవన్నె పెంకుపురుగులను పొద్దుననే ఏరుడు. వరినారు కొనలు త్రుంచి నాటిన తాటాకు తెగులు పురుగు గ్రుడ్లు చాలవరకు పోవును. కొబ్బరిలో కొత్తమట్ట త్రికోణముగ కత్తిరించినట్లు విచ్చినచో, మొవ్వులోని కొమ్ముపురుగును ఇనుప కొక్కెముతో లాగి, సమీపపు పేడకుప్పను తిరుగవేసి పిల్లపురుగులను ఏరివేయుడు.