విరేచనాలు – నీళ్ళు ఆపకూడదు

కడుపుకి వచ్చే జబ్బులు చాలా ఉన్నాయి. విరేచనాలు, జిగట విరేచనాలు, నులిపురుగులు, కడుపులో పుండు. వీటిలో మన కొండ ఊళ్ళలో వానాకాలం ఎక్కువగా వచ్చేవి విరేచనాలు. అందుకని వాటి గురించే రాస్తున్నాను.

కారణాలు: కంటికి కనిపించని సూక్ష్మజీవుల వల్ల వస్తాయి. ఆరుబయట మలం వానకి కొట్టుకొచ్చి గెడ్డలో, ఊటలో కలుస్తుంది. ఆ నీళ్ళు కాచకుండా తాగినా, ఈగలు వాలిన తిండి తిన్నా, చేతులు కడుక్కోకుండా తిన్నా సూక్ష్మజీవులు కడుపులోకి పోతాయి. దిష్టి వల్ల రావు.

లక్షణాలు: నీళ్ళలాగా విరేచనాలు అవుతాయి. ఒంట్లో నీరు, ఉప్పు పోతాయి. నోరు ఎండుతుంది, కళ్ళు లోపలికి పోతాయి, ఉచ్చ తగ్గుతుంది. ప్రాణం పోయేది ఎక్కువగా ఈ నీరు పోవడం వల్లనే.

మా ఇంట్లో జరిగింది: పోయిన ఏడు దసరా సెలవుల్లో మా తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి. వాడికి రెండేళ్ళు. "నీళ్ళిస్తే ఇంకా పోతాయి, ఇవ్వకండి" అంది మామ్మ. అమ్మ ఆపేసింది. వాడు కుండ వైపు చూసి ఏడ్చాడు. తరవాత ఏడ్చినా కన్నీళ్ళు రాలేదు. ఈ పాఠం నేను చదివాను, పరీక్షలో మార్కులు కూడా వచ్చాయి. కాని మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు. పెద్దవాళ్ళకి ఎలా చెప్పాలో తెలీక ఊరుకున్నాను. రెండో రోజు డోలీ కట్టి, కొండ దించి, ఆసుపత్రికి తీసుకుపోయారు. సెలైన్ పెట్టారు. తరవాత చెంచాతో ఓఆర్ఎస్ పట్టమన్నారు. రాత్రికి వాడు ఉచ్చ పోశాడు. నర్సమ్మ నాతో "చదువుకుంటున్నావు కదా, నీకు తెలీదా?" అంది. నేను తల వంచుకున్నాను.

చికిత్స: ఓఆర్ఎస్ పొట్లం మంచిది. పొట్లం మీద రాసినన్ని నీళ్ళలో కలపాలి. పొట్లం లేకపోతే కాచి చల్లార్చిన ఒక లీటరు నీళ్ళలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపాలి. చెంచా మీద గుట్టగా ఉండకూడదు, వేలితో చదును చెయ్యాలి. కన్నీళ్ళ కంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ కలపాలి. పంచదార ఉంటే పేగు ఉప్పుని, నీటిని బాగా పీల్చుకుంటుంది. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ చెంచాతో మెల్లగా పట్టాలి. తల్లిపాలు, అంబలి, అన్నం ఆపకూడదు. పిల్లలకి ఆశా అక్క చెప్పినట్టు జింకు బిళ్ళలు 14 రోజులు వెయ్యాలి. రక్తం పడినా, మత్తుగా ఉన్నా, ఏమీ తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం వచ్చినప్పుడు బెంగాల్‌లోని బనగావ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చింది. సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలాంటి నీళ్ళే తాగించారు. 100 మంది రోగుల్లో 30 మంది దాకా చనిపోయే చోట, అది నలుగురి లోపుకి తగ్గింది.

నివారణ: నీళ్ళు కాచి తాగాలి. మరుగుదొడ్డికి వెళ్ళొచ్చాక, తినే ముందు సబ్బుతో చేతులు కడగాలి. తిండి మీద మూత పెట్టాలి.

సంక్రాంతికి ఇంటికెళ్ళి అమ్మకి కలిపి చూపించాను. అమ్మకి చదువు రాదు. అందుకని "లీటరు, ఆరు, అర" అని నోటికి నేర్పాను. మామ్మ రుచి చూసి, "అప్పుడు ఇది తెలిస్తే నీకు ఇంకో అత్త ఉండేది" అంది.

సెలవులకి వెళ్ళేటప్పుడు ఈ మూడు మాటలు పట్టుకెళ్ళండి. పెద్దవాళ్ళయినా చెప్పండి. నాలాగా ఊరుకోవద్దు. తప్పులుంటే క్షమించండి.

– 9వ తరగతి విద్యార్థిని