స్థలం కొనేముందు చదవవలసిన పాఠం

మన రెంటచింతల ప్రాంతంలో మిర్చి, పత్తి మీద నాలుగు రూపాయలు మిగిలినా, గల్ఫ్ నుండి పిల్లలు డబ్బు పంపినా మొదట వచ్చే ఆలోచన ‘ఒక ప్లాటు కొందాం’ అనే. ఆలోచన మంచిదే. కానీ బిడ్డ పెళ్లికో చదువుకో దాచిన డబ్బు ఒక్క సంతకంతో చిక్కుల్లో పడవచ్చు. అందుకే కొత్తగా కొనేవారి కోసం ఈ నాలుగు మాటలు.

1. ముందు లెక్క

ఎకరం అంటే 100 సెంట్లు, 4,840 గజాలు. సెంటు 48.4 గజాలు. 5 సెంట్లంటే 242 గజాలు. ఉదాహరణకు ఆ స్థలం ధర 4 లక్షలు అనుకుందాం. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు 7.5 శాతం చొప్పున 30 వేలు. మన పెట్టుబడి 4,30,000. అయిదేళ్లకు 5,20,000కు అమ్మితే చేతికొచ్చే లాభం 90 వేలే, అంటే ఏడాదికి సుమారు 4 శాతం. మధ్యవర్తి కమీషన్, ఫెన్సింగ్ ఖర్చు ఇంకా తీయలేదు. ‘ధర పెరిగింది’ అనే మాట వేరు, ‘లాభం వచ్చింది’ అనే మాట వేరు.

2. అమరావతి నేర్పినది

2015 అక్టోబరు 22న రాజధానికి శంకుస్థాపన జరిగింది. చుట్టుపక్కల ధరలు ఎగబాకాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన రాగానే బేరాలు చల్లబడ్డాయి. పనుల పునఃప్రారంభ కార్యక్రమం జరిగింది 2025 మే 2న. ఈ మధ్యకాలంలో సొంత డబ్బుతో కొన్నవారు ఓపిక పట్టగలిగారు. అప్పు చేసి కొన్నవారికి ధర ఆగినా వడ్డీ ఆగలేదు. వడ్డీని మన ధర్మం ఎందుకు వద్దన్నదో ఇక్కడ అనుభవంలోకి వస్తుంది. అయిదారేళ్లు అవసరం పడని డబ్బునే భూమిలో పెట్టాలి.

3. కాగితాలు

• లింకు డాక్యుమెంట్లు, కనీసం 30 ఏళ్ల ఈసీ చూడాలి. అయితే రిజిస్టరు కాని అగ్రిమెంట్లు ఈసీలో కనిపించవు. కనుక ఇరుగుపొరుగును కూడా విచారించాలి.
• పొలమైతే 1-బి, అడంగల్ చూసి, సర్వేయరుతో హద్దులు కొలిపించాలి.
• సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో ఉందేమో చూడాలి. డి-పట్టా భూములపై 1977 చట్టం ప్రకారం ఆంక్షలున్నాయి. ‘నోటరీ చేయిస్తాం’ అంటే అక్కడే ఆగండి.
• 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్‌కు 2016 రెరా చట్టం కింద నమోదు తప్పనిసరి. నమోదుకు ముందు ప్రకటనలు ఇవ్వకూడదు, అమ్మకూడదు. రిజిస్టరు చేసిన అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ‘ప్రీ-లాంచ్ ఆఫర్’ అన్న మాట వినగానే ఈ నిబంధన గుర్తుకు రావాలి.

4. వక్ఫ్ భూమి

ఈద్గా, దర్గా, ఖబరస్తాన్, ఆషూర్‌ఖానాల మాన్యాలు అల్లాహ్ పేర విడిచిపెట్టినవి. ఒకసారి వక్ఫ్ అయినది ఎప్పటికీ వక్ఫే. ముతవల్లీ సంతకం పెట్టినా అది అమ్మకం కాదు. చవకగా వస్తుందని కొంటే డబ్బూ పోతుంది, పాపమూ మిగులుతుంది.

5. జకాత్

ఉండే ఇంటిపై జకాత్ లేదు. అమ్మి లాభం పొందే ఉద్దేశంతోనే కొన్న స్థలం వ్యాపార సరుకుతో సమానమని ఎక్కువమంది ఉలమాల అభిప్రాయం. నిసాబ్ ఉన్నవారు ఏటా ఆనాటి బజారు ధరపై రెండున్నర శాతం ఇవ్వాలి. 5,20,000 విలువైన ప్లాటుకు 13,000 రూపాయలు. కొనే రోజునే ఈ లెక్కా వేసుకోవాలి. మీ విషయంలో సందేహముంటే ఆలిమ్‌ను అడగండి.

లావాదేవీని రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని సూరా బఖరా 282వ ఆయత్ మనకు నేర్పింది. మనవాళ్లలో చదువురాని తల్లులు, వితంతువులు నమ్మకం మీదే వేలిముద్ర వేస్తున్నారు. చదువుకున్న యువకులు వారానికి ఒక గంట కేటాయించి వారి ఈసీ, దస్తావేజులు చదివి చెప్పినా చాలు. అదీ సదఖాయే.