పెరడు మొత్తం ఒకేసారి నరికించకు

చిరంజీవి మేనకోడలికి,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. అమ్మమ్మ పోయాక ఇన్నాళ్లూ తలుపు తియ్యని పెరడు అలాగే ఉంటుంది, బెంగపడకు. జేసీబీ మాట్లాడతానన్నావు, అది మాత్రం వద్దు. సారమంతా ఉన్న పైమట్టి అడుక్కి పోతుంది, పాత చెట్ల వేళ్లు తెగుతాయి. అయిదు సెంట్లూ బోడి చేసి వదిలేస్తే మొదటి వానలకే మళ్లీ కలుపు కమ్ముకుంటుంది. డబ్బూ పోయి, ఉత్సాహమూ పోయి మళ్లీ తలుపు వేసేస్తావు. నీకు సెలవు దొరికేది ఆదివారమే కదా. ఆ ఒక్క పూటలో నీ చేత్తో కలుపు తీసుకోగలిగినంత మేరే బాగుచెయ్యి. ఈ ఏడాదికి వంటింటి గుమ్మం ముందు ఒక్క సెంటు చాలు.

ముందు ఏమేం బతికున్నాయో చూసుకో. ప్రహరీ పక్కన తీగల కింద కనబడుతున్నది జామచెట్టే. జామ కొత్త చిగుళ్ల మీదే పూస్తుంది కాబట్టి తీగలు లాగేసి, ఎండుకొమ్మలూ లోపలికి దూరిన కొమ్మలూ కోయిస్తే మళ్లీ కాపుకొస్తుంది. కరివేపాకు మొదట్లో లేచిన పిలకలు పారెయ్యకు. వేళ్లతో సహా తవ్వి ఇరుగుపొరుగుకివ్వు, వాళ్ల దగ్గర అరటి పిలకో, బచ్చలి తీగో, మునగ కొమ్మో తెచ్చుకో. తోటకూర, గోంగూర గింజలకి పెద్ద ఖర్చు లేదు. ఈ ఏడాది నర్సరీ గడప తొక్కే పనే లేదు.

వయ్యారిభామని పూత రాకముందే, చేతులకి గ్లౌజులు వేసుకుని వేళ్లతో సహా పీకెయ్యి. దానివల్ల ఒంటి మీద దద్దుర్లు, ఆయాసం వస్తాయి. పూసిన మొక్కని ఎరువు గుంటలో వేస్తే గింజ మళ్లీ మడిలోకే చేరుతుంది.

తుంగ అలా లొంగదు. ఒక మొక్కని గునపంతో లోతుగా పెళ్లగించి మట్టి దులిపి చూడు. సన్నటి వేరుకి వరసగా నల్లటి గడ్డలు గుచ్చినట్టుంటాయి, విరిస్తే లోపల తెల్లగా ఉండి ఘాటైన వాసనేస్తాయి. పైన ఆకు పట్టుకుని లాగితే అవన్నీ నేలలోనే ఉండిపోతాయి, విడిపోయిన గడ్డ విడిగా మొలుస్తుంది. అందుకే రోటవేటరు తిప్పిస్తే తుంగని నాట్లేసినట్టే. నేల తడిగా ఉన్నప్పుడు తవ్వి గడ్డలు ఏరి ఎండలో మాడబెట్టు. మొలిచినప్పుడల్లా అదే పని. ఏడాది పైనే ఓపిక పట్టాలి. కలుపు మందు మాత్రం కొట్టించకు, పెరట్లోనే నుయ్యుంది.

ఆ సెంటు పక్కన ఇంకో రెండు సెంట్లు రోహిణి కార్తెలో నేలమట్టానికి కోయించి, మృగశిర వానలు పడగానే జీలుగ చల్లు. ఎకరానికి 12 కిలోల లెక్కన సెంటుకి 120 గ్రాములు, అంటే రెండు సెంట్లకీ పావుకిలో సరిపోతుంది. దట్టంగా లేచి కింద కలుపుని ఎదగనివ్వదు. సుమారు 45 రోజులకి, పూత మొదలయ్యేటప్పుడు, కోసి మట్టిలో తొక్కించు. దాని వేళ్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తాయి. ఇంతకన్నా చవకైన ఎరువు నాకు తెలీదు. మిగతా రెండు సెంట్లూ వచ్చే ఏడాది చూసుకుందువు గాని, అక్కడ కలుపు గింజ పట్టకముందే కోయిస్తూ ఉండు చాలు. ఆకూ అలమూ తగలబెట్టించకు, మడిలో మొక్కల మొదళ్ల చుట్టూ పరిపిస్తే తడి ఆరదు.

డబ్బు పెట్టాల్సినచోట వెనకాడకు. మంచి పార, గునపం, కొడవలి కొను. పశువుల ఎరువు బాగా మాగినదే తోలించుకో, పచ్చి పేడ వేస్తే చెద పడుతుంది.

వీటన్నిటికన్నా ముందు చెయ్యాల్సింది ఇంకోటుంది. ఈశాన్యం మూల పాత నుయ్యి పొదల్లో కనబడదు. దాని చుట్టూ పొదలు కొట్టించి, పైన గట్టి ఇనుప జాలీ వేయించాకే మిగతా పని మొదలుపెట్టు. బూట్లు లేకుండా, కర్రతో గడ్డి కదపకుండా లోపల అడుగు పెట్టకు, కూలివాళ్లనీ దిగనివ్వకు. పాము కనబడితే వెనక్కొచ్చి, పట్టేవాళ్లని పిలిపించు. ఎవరినైనా కాటేస్తే మంత్రాలూ పసర్లూ అంటూ ఆలస్యం చెయ్యకుండా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. నుయ్యి పని అయ్యాక నాకు కబురు చెయ్యి, జామ కొమ్మలు నేనే వచ్చి దగ్గరుండి కోయిస్తాను.

ఇట్లు,
మామయ్య